కట్టేసిన పడవలో కాపురం

ప్రశ్న: మాది కోనసీమ. నాకు 61 ఏళ్లు. మా వారు పోయి మూడేళ్లయింది. మా అబ్బాయికి మలేషియా కంపెనీలో ఉద్యోగం, పని ఇంటి నుంచే. వాడు రెండేళ్ల కిందట లంకావి దీవిలో 42 అడుగుల తెరచాప పడవ కొని, దాన్ని మెరీనాలో, అంటే పడవలు ఆపుకునే రేవులో, కట్టేసుకుని, భార్యాబిడ్డలతో అందులోనే కాపురం ఉంటున్నాడు. పాపకు నాలుగేళ్లు. నన్ను మూడు నెలలు వచ్చి ఉండమంటున్నాడు. ఇల్లు దొరక్క పడవలో ఉంటున్నాడా అని చుట్టాలు అడుగుతుంటే తలెత్తుకోలేకపోతున్నాను. నాకు మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే దీపం పెట్టనిదే కాఫీ తాగను. అక్కడ వంట ఎలా, స్నానం ఎలా, తుపాను వస్తే ఎలా? పాప నీళ్లలో పడితే? ఒడ్డున ఒక ఫ్లాట్ తీసుకోమని వాడికి ఎలా నచ్చజెప్పాలో చెప్పండి. మీరు కూడా అక్కడ పడవలో ఉన్నారని తెలిసి రాస్తున్నాను.
– ఒక తల్లి

సమాధానం:

అక్కయ్యగారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అబ్బాయికి నచ్చజెప్పే దారి ఒకటి నాకు తెలుసు, చివర్లో చెబుతాను. ముందు మీరు వెళ్లి ఆ పడవలో ఉండి రావాలి. మూడు నెలలు వద్దు, ఒక నెల చాలు. 2023 డిసెంబరు నుంచి మలేషియా భారతీయులను వీసా లేకుండా రానిస్తున్నది కూడా 30 రోజులకే. బయలుదేరే ముందు ఆ నిబంధన అలాగే ఉందో లేదో మీ అబ్బాయిని చూడమనండి. సంక్రాంతి వెళ్లాక వెళ్లండి. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ ఈశాన్యపు గాలి, వానలు తక్కువ. నైరుతి కాలపు వానల్లో తొలిసారి పడవ ఎక్కితే, పడవ మీద మీకు కలిగే అభిప్రాయమంతా తడి బట్టల వాసనతోనే మొదలవుతుంది.

నేను, మా వారు ఆరేళ్లు లంకావిలో 38 అడుగుల పడవలో ఉన్నాం. మొదటి రాత్రి సంగతి మీకు ముందే చెప్పాలి. లైట్లు ఆర్పి పడుకున్నాక, తల కింద ఎక్కడో చిటపటమని చప్పుడు. కాగిన నూనెలో ఆవాలు వేస్తే ఎలా పేలతాయో అచ్చం అలాగే, ఆగకుండా. పడవ అంటుకుందనుకుని మా వారిని లేపాను. టార్చిలైటు పట్టుకుని పొయ్యి, ఇంజను, బ్యాటరీలు అన్నీ వెదికాం. ఎక్కడా ఏమీ లేదు, చప్పుడు మాత్రం ఆగలేదు. తెల్లవారాక పక్క పడవలోని ఆస్ట్రేలియా ఆవిడ చెప్పింది, అవి రొయ్యలట. వేలెడు పొడవు కూడా ఉండని ఒక జాతి రొయ్య, తన పెద్ద డెక్కను టక్కున మూసినప్పుడు నీళ్లలో బుడగ పుట్టి పగులుతుంది. ఆ పగిలిన చప్పుడే మనకు వినిపించేది. వెచ్చని సముద్రాల్లో రేవు స్తంభాల సందుల్లో, గుల్లల మధ్య అవి లెక్కలేనన్ని ఉంటాయి. పడవ అడుగు డోలు చర్మంలా ఆ చప్పుడును లోపలికి మోసుకొస్తుంది. వారం తిరిగేసరికి అది నాకు జోలపాట అయింది. మీ అబ్బాయికి అలవాటైపోయి మీకు చెప్పడం మరిచిపోతాడు, అందుకే నేను చెబుతున్నాను.

చుట్టాల మాట సంగతి. మన గోదావరి కాలువల మీద గూటి పడవలు తిరిగిన రోజుల్లో సరంగులు, కళాసులు రోజుల తరబడి వాటిలోనే వండుకుని, తిని, పడుకునేవారు. వాళ్లను ఇల్లు లేనివాళ్లని ఎవరూ అనలేదు. మీ అబ్బాయి ఉన్నచోట పడవ ఆగే జాగాకు అద్దె ఉంటుంది, దాన్ని పడవ పొడవును బట్టి లెక్కకడతారు. కరెంటుకు మీటరు, నీళ్లకు కుళాయి, తలుపు నంబరులా ఆ జాగాకూ ఒక నంబరు ఉంటాయి. అడిగినవాళ్లకు ఆ నంబరు చెప్పండి. లంకావి 1987 నుంచి సుంకం లేని దీవి. పడవకు కావలసిన సామాను అక్కడ చవక, చుట్టూ కొండల చాటు ఉంది. అందుకే ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ పడవలు కట్టుకుని ఏళ్ల తరబడి ఉంటున్నాయి.

తుపాను గురించి మీ భయం నాకు అర్థమవుతుంది. 1996 నవంబరు 6 రాత్రి చూసిన కోనసీమవాళ్లకు గాలి మీద నమ్మకం ఉండదు. లంకావి భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల ఉత్తరాన ఉంది. భూమధ్యరేఖకు అంత దగ్గరలో గాలి సుడి తిరిగేలా చేసే భూభ్రమణ ప్రభావం బలహీనం, కాబట్టి తుపానులు అరుదు. అరుదు అన్నాను, రావని అనలేదు. 2001 డిసెంబరులో సింగపూరు దగ్గర, రేఖకు ఒకటిన్నర డిగ్రీ దూరంలోనే ఒక తుపాను పుట్టింది. 2025 నవంబరులో మలక్కా జలసంధిలోనే ఇంకొకటి పుట్టింది. అక్కడ తరచుగా వచ్చేది వేరు. నైరుతి కాలంలో, చాలాసార్లు తెల్లవారుజామున, సుమత్రా దీవి వైపు నుంచి నల్లని మబ్బు గోడలా లేచి వచ్చి, ఒక గంటో రెండు గంటలో ఈదురుగాలి, పిడుగులు, వాన కుమ్మరించి వెళ్లిపోతుంది. దాన్ని అక్కడివాళ్లు కూడా సుమత్రా అనే అంటారు. తాళ్లు గట్టిగా ఉంటే పడవ అటూ ఇటూ మూలుగుతుంది, అంతే. ఉరుములు వినిపిస్తుంటే తెరచాప కట్టే స్తంభాన్ని, దాన్ని పట్టి ఉంచే ఇనుప తీగలను మాత్రం ముట్టుకోవద్దు.

సునామీ మాట మీరు అడగలేదు, మనసులో ఉండే ఉంటుంది. 2004 డిసెంబరు 26న లంకావి పడమటి వైపున్న రెబాక్, తెలగా మెరీనాలు రెండూ బాగా దెబ్బతిన్నాయి. ఆనాడు ముందుగా చెప్పే వ్యవస్థ హిందూ మహాసముద్రంలో లేదు. ఇప్పుడు ఉంది. ఆ హెచ్చరికలు పంపే మూడు ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ. హెచ్చరిక వస్తే పడవను వదిలేసి, పాపను ఎత్తుకుని ఎత్తయిన చోటికి నడవాలి. ఏ దారిన నడవాలో వెళ్లిన మొదటి రోజే మీ అబ్బాయిని చూపించమనండి.

ఇక మోకాళ్లు. ఇక్కడ మీకు పంచాంగం పనికొస్తుంది. మెరీనాలో పడవల మధ్య నడిచే దారి నీటి మీద తేలుతుంది. దాన్ని పాంటూన్ అంటారు. పోటు వస్తే పడవా, ఆ దారీ కలిసి లేస్తాయి, పాటు వస్తే కలిసి దిగుతాయి. కదలనిది ఒడ్డు. అందుకే ఒడ్డు నుంచి పాంటూన్ మీదికి దిగే వాలు పోటు వేళ దాదాపు చదునుగా ఉంటుంది, పాటు వేళ నిటారుగా అవుతుంది. లంకావిలో అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీటి తేడా రెండున్నర, మూడు మీటర్ల దాకా ఉంటుంది. అష్టమి తరవాత ఆ తేడా బాగా తగ్గుతుంది. ఈ రోజు పోటు వచ్చిన వేళకు రేపు సుమారు 50 నిమిషాలు కలుపుకోండి. బజారుకు, గుడికి వెళ్లేది పోటు మీద పెట్టుకుంటే మీ మోకాళ్లకు సగం బాధ తప్పుతుంది. నేను ఆరేళ్లూ కూరగాయలకు తిథి చూసుకునే వెళ్లాను.

పాంటూన్ నుంచి పడవ మీదికి ఎక్కడానికి మోకాలెత్తు అడుగు వేయాలి. ఒక గట్టి చెక్కపెట్టె మెట్టుగా వేయించమనండి. అడుగు వేసే ముందు పడవ మీది ఇనుప తీగను ఒక చేత్తో పట్టుకోండి. చేతిలో సంచీ ఉంటే దాన్ని ముందు పడవ మీద పెట్టి, తరవాత మీరు ఎక్కండి. చీర మానమని చెప్పను. పొలం గట్టు మీద నడిచేటప్పుడు చేసినట్టు కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపుకోండి. పడవ లోపలికి అయిదారు నిటారు మెట్లుంటాయి, వాటిని ఎప్పుడూ మెట్ల వైపు తిరిగి, నిచ్చెన దిగినట్టు వెనక్కి దిగాలి. మీకు నచ్చే సంగతి ఒకటి చెప్పనా? అక్కడ ఏ దేశంవాళ్లయినా చెప్పులు పాంటూన్ మీదే వదిలి పడవ ఎక్కుతారు. ప్రతి పడవ పక్కనా ఒక చెప్పుల బుట్ట ఉంటుంది. కొందరు కాళ్లు కడుక్కోవడానికి బకెట్టులో నీళ్లు కూడా పెడతారు. నాకు మొదటి రోజు పుట్టింటి గుమ్మం చూసినట్టనిపించింది.

పాప గురించి ఇప్పుడు చెప్పేది మాత్రం మీరు గట్టిగా పట్టుకోవాలి. కట్టేసిన పడవలో ప్రమాదం నడిసముద్రంలో ఉన్నట్టు ఉండదు. పడవకూ పాంటూన్‌కూ మధ్య ఒక సందు ఉంటుంది, ఒకసారి జానెడు, ఒకసారి మూరెడు. అందులో పడితే పైకి రావడానికి పట్టు దొరకదు. పైనుంచి పడవ నెట్టుకొస్తుంది. పిల్లలు పడేటప్పుడు పెద్దగా చప్పుడు కూడా కాదు. పడవ లోపలి నుంచి పైకి వచ్చిన క్షణం నుంచి ఒడ్డు మట్టి మీద కాలు పెట్టేదాకా పాప ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాలి. రెండు కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్న రకమే కావాలి, లేకపోతే నీళ్లలో అది తల మీదుగా జారి పైకి వచ్చేస్తుంది. పడవ చుట్టూ కంచె తీగలకు వల కట్టి ఉండాలి. పాంటూన్ అంచున నీళ్లలోకి దిగే నిచ్చెన ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. మీరూ అక్కడ ఉన్నన్నాళ్లు చీకటి పడ్డాక ఒంటరిగా పాంటూన్ మీదికి వెళ్లకండి. ఈత నేర్పేది ఒడ్డున కొలనులో. మెరీనా నీళ్లలో ఎవరూ దిగకూడదు. పడవలకు పెట్టే కరెంటు తీగల్లో లోపముంటే కరెంటు నీళ్లలోకి దిగుతుంది. ఈ మాటల్లో ఒక్కదానికి మీ అబ్బాయి నవ్వేసినా మీరు ఊరుకోకండి.

వంటింటిని పడవవాళ్లు గ్యాలీ అంటారు. మనం ఇంట్లో వాడే గ్యాసే అక్కడా. తేడా ఒక్కటే. ఆ గ్యాసు గాలికంటే బరువు. ఇంట్లో అయితే తలుపు కింద నుంచి కొంతయినా బయటికి పోతుంది. పడవకు అడుగున తలుపు లేదు కదా, కారిన గ్యాసు దిగిపోయి, బిల్జి అనే అడుగు గుంటలో నీళ్లలా నిలుస్తుంది. తరవాత ఎప్పుడో ఒక నిప్పురవ్వ చాలు. అందుకే సిలిండరు పైన, అడుగు నుంచి పడవ బయటికి, నీటి మట్టానికి పైన తెరుచుకునే రంధ్రం ఉన్న విడి పెట్టెలో ఉండాలి. వంట అయ్యాక ముందు సిలిండరు దగ్గర మూసి, గొట్టంలో మిగిలిన గ్యాసుతో మంట దానంతట అదే ఆరాక, అప్పుడు పొయ్యి మీట తిప్పాలి. నాలుగు రోజుల్లో చేయి తిరుగుతుంది. గ్యాసు కారితే కూసే పరికరం బిల్జిలో ఉందా అని అడగండి. కుక్కరు అక్కడ ఎంతో మేలు, మూత బిగిసి ఉంటుంది కాబట్టి పడవ ఊగినా వేడి పప్పు ఒలకదు. ఇడ్లీలు పెట్టే రోజు మాత్రం పైకప్పు కిటికీలు అన్నీ తెరవాలి. ఒక్క వాయి ఆవిరికే గోడలు చెమర్చి కారతాయి.

దీపం మానవద్దు. నేను లోతైన ఇత్తడి గిన్నెలో సగం దాకా ఇసుక పోసి, మధ్యలో ప్రమిద దిగ్గొట్టి పెట్టేదాన్ని. పక్కనుంచి ఏ జాలరి పడవో ఇంజనుతో వెళ్తే అల వచ్చి మన పడవ ఊగుతుంది, ఇసుకలో ఉన్న ప్రమిద కదలదు. వెలిగించే ముందు సిలిండరు మూసి ఉందో లేదో చూడండి. వెలుగుతున్నంతసేపూ దాని ముందే కూర్చోండి. లంకావిలో గరుడ పక్షులు చాలా ఎక్కువ, ఇటుకరంగు రెక్కలు, తెల్లని తల. పొద్దున పూట స్తంభాల మీదుగా చక్కర్లు కొడుతుంటాయి. దీపం పెట్టుకుని పైకి వచ్చేసరికి గరుడ దర్శనం అయితే, ఆ రోజు మా వారితో నేను దేనికీ గొడవపడేదాన్ని కాదు.

స్నానం, మరుగుదొడ్డి. పడవలో ఉన్నది చిన్న గది, చేతి పంపుతో నీళ్లు కొట్టాలి, గొట్టం సన్ననిది. దూది, వెంట్రుక, ఏది పడినా అడ్డుపడుతుంది. దాన్ని విప్పి బాగుచేయడం పగవాడికి కూడా వద్దు. పగలు ఒడ్డు మీద మెరీనావాళ్ల స్నానాల గదులు వాడుకోండి. రాత్రికి మాత్రం పడవలోది.

పడవ జీవితంలో నన్ను ఏడిపించింది సముద్రం కాదు, తేమ. వెళ్లేటప్పుడు నా పెళ్లి పట్టుచీర తీసుకెళ్లాను, దీపావళికి కట్టుకుందామని. పక్క కింద ఉన్న పెట్టె అరలో, పాత పంచె చుట్టి భద్రంగా పెట్టాను. మూడు వారాల తరవాత తీస్తే మడత పొడవునా బూడిదరంగు మచ్చలు. చేత్తో తుడిస్తే పొడి పొడిగా రాలింది, జరీ నల్లబడింది. ఆ అర గోడకు అవతల సముద్రపు నీళ్లే. గాలి ఆడని చోట, చల్లని గోడకు ఆనుకుని గుడ్డ ఉంటే తడి పడుతుంది, తడి పడితే బూజు పడుతుంది. వేపాకు వేసినా ఆగదు, కలరా ఉండలు వేసినా ఆగదు. గాలి ఆడాలి, అంతే. అప్పటినుంచి వారానికి ఒకసారి అరలన్నీ తెరిచి ఫ్యాను పెట్టి, లోపలి గోడలు వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచేదాన్ని. పడుకున్న పరుపును పొద్దున్నే నిలబెట్టాలి, లేకపోతే దాని అడుగు కూడా తడిసిపోతుంది. కాబట్టి పట్టుచీరలు ఇంట్లోనే ఉంచి రండి. నూలు చీరలు నాలుగు చాలు.

మీరు తప్పకుండా పూతరేకులు తీసుకెళ్తారు, నాకు తెలుసు. అట్టపెట్టెలో వద్దు. అక్కడి పడవలవాళ్లు అట్టపెట్టెను పడవ మీదికి రానివ్వరు. అట్ట మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి, ఒక్క పెట్టెతో పడవంతా పాకుతాయి, అరల వెనక, తీగల గొట్టాల్లో చేరితే మనిషి చేయి పట్టదు. సామానంతా పాంటూన్ మీదే విప్పి, అట్ట అక్కడే పారేసి, కూరగాయలు కడిగి, లోపలికి తేవాలి. పూతరేకులు, అప్పడాలు, వడియాలు, కారప్పొడులు బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాల్లో పెట్టండి, అయినా పది రోజుల్లో తినేయమనండి. ఆవకాయకు ఏ ఢోకా లేదు, నూనె పైకి తేలి ఉంటే చాలు, గాజు సీసాలో మాత్రం వద్దు. ఉప్పు డబ్బాలో గుప్పెడు బియ్యం వేయమనండి. కరివేపాకు కొమ్మలు, మొక్కలు, విత్తనాలు సంచీలో పెట్టుకోకండి. అనుమతి లేకుండా వాటిని ఆ దేశం రానివ్వదు. కరివేపాకు, కొబ్బరి, బెండ, వంకాయ అన్నీ అక్కడ దొరుకుతాయి. రోజుకొక ఊళ్లో సాయంత్రం సంత జరుగుతుంది, దాన్ని పసర్ మాలమ్ అంటారు. మీరు ఆ సంతలు వదలరని నా నమ్మకం.

మీ అబ్బాయి పడవలో ఉండి పనీపాటా లేకుండా ఉన్నాడని కూడా అనుకోకండి. కట్టేసిన పడవకు చాకిరీ ఎక్కువ. తాళ్లు రాసుకునే చోట తెగుతున్నాయేమో రోజూ చూడాలి. బిల్జిలో నీళ్లు చేరితే పంపు దానంతట అది తిరుగుతోందా చూడాలి. పడవ అడుగున వేర్వేరు లోహాలు ఉప్పునీళ్లలో ఉంటే బ్యాటరీలా పనిచేసి ఒకదాన్నొకటి తినేస్తాయి, వాటికి బదులుగా అరగడానికి జింకు ముద్దలు బిగిస్తారు. మెరీనాలో పక్క పడవలతో ఒకే కరెంటు తీగకు కలిసి ఉండడం వల్ల అవి ఇంకా త్వరగా కరుగుతాయి. వెచ్చని నీళ్లలో అడుగంతా గుల్లలు పడతాయి, వాటిని గీకించాలి. వాన పడ్డాక బకెట్లలో, చిన్న పడవలో, పరదా మడతల్లో నిలిచిన నీళ్లు ఒంపేయాలి, డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఆ మంచినీళ్లలోనే. ఈ చివరి పని మీరు తీసుకోండి, పాపను వెంటబెట్టుకుని, జాకెట్ తొడిగి.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరంలో మీ అబ్బాయి ఉన్నాడు, పాప ఉంది, చుట్టాలు ఉన్నారు. కోడలు "భార్యాబిడ్డలతో" అన్న ఒక్క మాటలో సగమే ఉంది. ఆ పడవలో పగలంతా ఎవరు ఉంటున్నారో మీకు తెలుసా? మీ అబ్బాయి పని ఇంటి నుంచే అన్నారు. లంకావిలో పడవవాళ్లు చాలామంది కంప్యూటర్ పట్టుకుని ఒడ్డున ఏసీ ఉన్న హోటల్లోనో, మెరీనా ఆఫీసు పక్క గదిలోనో కూర్చుంటారు. నెట్టు బాగా వస్తుంది, చల్లగా ఉంటుంది. పడవలో మిగిలేది ఆడమనిషి, పిల్ల. మెరీనా అంటేనే గాలి, అల తగలకుండా కట్టిన చోటు. బయట లంగరు వేసిన పడవకు తగిలే గాలి లోపల కట్టిన పడవకు తగలదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా, ఎండకు కాగిన కప్పు కింద, వంటపొయ్యికి మూడడుగుల దూరంలో నాలుగేళ్ల పిల్లను ఆడించడం ఎలా ఉంటుందో నేను చూశాను. నాకు పిల్లలు లేరు. అయినా రెండో ఏడు మే నెలలో పెట్టె సర్దుకున్నాను.

మా వారు మంచివారు. ఆయనకు నిజంగా తెలియలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లేచి ఇంజను పని చేసుకుని, ఎండెక్కేసరికి ఒడ్డుకు వెళ్లి, సాయంత్రం గాలి తిరిగాక వచ్చేవారు. ఆయన చూసిన పడవ వేరు, నేను చూసిన పడవ వేరు. చెబితే విన్నారు కానీ వంటికి ఎక్కలేదు. అదే నెల పంటి నొప్పికి నేను కౌలాలంపూరు వెళ్లి వారం ఉండాల్సి వచ్చింది. ఆ వారం చెక్కలకు వార్నీషు వేయాలని ఆయన పగలంతా లోపలే ఉన్నారు. నేను తిరిగి వచ్చేసరికి పడవ మీద తాళ్లు కట్టి, కొలత టేపు పట్టుకుని కొలుస్తున్నారు. దారి చూపే కొత్త యంత్రానికని దాచిన డబ్బుతో స్తంభం నుంచి వెనక దాకా పెద్ద గుడ్డ పందిరి వేయించారు. పక్కలకు కూడా పరదాలు దిగేలా కుట్టించారు. పందిరి నీడ పడ్డాక మధ్యాహ్నం కప్పు మీద చేయి ఆనించగలిగాను. అంతకు ముందు వేలు పెడితే చురుక్కుమనేది. ఆ పందిరి కిందే ఇంకో నాలుగేళ్లు హాయిగా ఉన్నాం.

మీ అబ్బాయి పడవకు పందిరి ఉందా? ఏసీ ఉందని చెబుతాడు, అది వేరే సంగతి. ఏసీ వేస్తే కిటికీలన్నీ మూయాలి, పాప ఒక పెట్టెలో పెరుగుతుంది.

కాబట్టి వెళ్లాక మొదటి వారం ఏమీ అనకండి. కోడలితో కలిసి వంట చేయండి, సంతకు వెళ్లండి, ఆమె ఏమంటుందో వినండి. ఆమెకు అక్కడ బాగుందంటే, నిజంగా బాగుందంటే, మీరు ఫ్లాట్ మాట ఎత్తనే వద్దు. పాపకు బడి వయసు వచ్చినప్పుడు వాళ్లే ఆలోచిస్తారు. చాలా కుటుంబాలు ఆ వేళకే ఒడ్డెక్కుతాయి. ఆమె మాట తప్పించినా, కళ్లు దించుకున్నా, రెండో వారంలో ఒక రోజు చూడండి. ఎండ బాగా కాసే రోజు, పోటు మధ్యాహ్నానికి వచ్చే రోజు. పదకొండున్నరకు మీరు, కోడలు, పాప కలిసి కూవా ఊరికి బజారుకు బయలుదేరండి. అబ్బాయిని ఈ ఒక్కరోజు పడవలోనే ఉండి పని చేసుకోమనండి, పొయ్యి మీద పప్పు పెట్టాను చూస్తుండమని చెప్పండి, కోడలు రోజూ ఎలా ఉంటుందో అలా, ఏసీ వేయకుండా. నాలుగున్నర దాటాకే తిరిగి రండి. రాగానే ఏమీ అడగకండి. చల్లని కొబ్బరి బోండాం ఒకటి కొనుక్కొచ్చి వాడి చేతికి ఇవ్వండి. వాడు తాగాక, కొలత టేపు ఎక్కడుందని అడగండి.